మీకు ఎవరు పోయారు?

"ఇవాళ కూడా నోరు విప్పకపోతే ఎలాగమ్మా? ఆరో వారం, ఆఖరి రోజు కూడాను," అంది కౌన్సెలర్. "బలవంతం లేదు. కానీ మీకు ఎవరు పోయారో ఇక్కడ కూడా చెప్పుకోకపోతే ఇంకెక్కడ చెప్పుకుంటారు?"

డ్రాయింగ్ టీచర్ తల వంచుకుని ఒళ్ళోని సంచీ పట్టీని మెలిపెడుతూ కూర్చుంది. ఇంకెక్కడా చెప్పుకోలేదన్నది నిజమే. 'నాతో ఉంటున్న స్నేహితురాలు పోయింది' అంటే స్కూల్లో ఒక్క పూట సెలవిచ్చారు. తొమ్మిదేళ్ళ కాపురానికి ఒక్క పూట. అదీ మధ్యాహ్నం పూట!

అది ఆసుపత్రి వెనక గది. అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు వారానికోసారి వచ్చి మనసులో బరువు దించుకునే చోటు. గుండ్రంగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో స్టూలు మీద మంచినీళ్ళ జగ్గు. 'మగవాడికి మగవాడు తోడైనా, ఆడదానికి ఆడది తోడైనా, ఇక్కడ ఎవరి దుఃఖమైనా దుఃఖమే' అని తలుపు మీద బోర్డు. ఆ బోర్డు చూసే ఆమె మొదటి వారం ధైర్యం చేసి లోపలికొచ్చింది. వచ్చి కూర్చున్నాక తలెత్తి చూస్తే, ఎదురు కుర్చీలో పెద్దాయన! ఆయన ఫొటో ఆమె ఇంట్లో బీరువా మీద ఉంది. పోయిన మనిషికి కన్నతండ్రి. ఈమె మొహం మాత్రం ఆయన ఎన్నడూ చూడలేదు, చూడనని ఒట్టు పెట్టుకున్నాడు.

పెద్దాయన నలభై ఏళ్ళు బూట్లు కుట్టినవాడు. చెడ్డవాడేం కాదు. కౌన్సెలర్ చెప్పు తెగితే జేబులోంచి సూదీ దారం తీసి అక్కడికక్కడే కుట్టిచ్చాడు. టీచర్ కొంచెం కుంటుతూ రావడం చూసి, తలుపు పక్క కుర్చీలో ఇంకెవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. "పాపం, ఆ పిల్లని అంత దూరం నడిపించకండి," అనేవాడు. అంత మంచి మనిషీ తన వంతు రాగానే శాపనార్థాలు మొదలుపెట్టేవాడు.

ఇవాళా అంతే. "నా కూతుర్ని నాకు కాకుండా చేసింది ఆ మహాతల్లి! తోడట, తోడు! పిల్ల మంచాన పడితే తండ్రికి ఒక్క ఫోన్ చెయ్యాలని తోచలేదు. దాని నోట్లో మన్ను పడ!"

"పోన్లెండి పెద్దాయనా, బీపీ పెరుగుతుంది," అన్నాడు పక్కనున్న బస్సు డ్రైవరు. భార్య పోయిన దగ్గర్నుంచీ ఆయనకి అందరి బీపీ మీదా బెంగే.

"పెరగనీ! అది ఎదురుపడితేనా..."

"ఎదురుగానే ఉన్నాను," అంది డ్రాయింగ్ టీచర్.

ఆమె సంచీ పట్టీ వదిలేసి తలెత్తింది.

"నాకు పోయింది మీ అమ్మాయే. ఫోన్ చేద్దామని మూడుసార్లు నంబరు నొక్కాను. మూడుసార్లూ తనే కట్ చేసింది. 'నాన్న ఈ మంచం చూసి తట్టుకోలేడు. గడప దాటి నడిచి వెళ్ళిపోయిన కూతురిగానే గుర్తుండనీ' అని నా చేత ఒట్టేయించుకుంది. ఆఖరి వారం మింగుడుపడక అన్నం మానేసింది. నా వేళ్ళు పట్టుకుని పోయింది. నేనూ మనిషినే కదా! మీకు ఏడవడానికి కూతురు ఉంది, తిట్టడానికి నేనున్నాను. నాకెవరున్నారు?"

పెద్దాయన లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. రెండంగల్లో ఆమె ముందుకొచ్చి కిందికి వంగాడు.

"వద్దు పెద్దాయనా! ఆడపిల్ల మీద చెప్పెత్తుతారా!" అంటూ డ్రైవరు పరుగున వచ్చి ఆయన భుజాలు పట్టుకున్నాడు. టీచర్ కళ్ళు గట్టిగా మూసుకుంది. కొడితే కొట్టనీ అనుకుంది.

దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచి చూస్తే, ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని ఆమె ఎడమ కాలి బూటును అరచేత్తో తడుముతున్నాడు.

"ఈ జత ఎక్కడిదో చెప్పిందా అది?"

"లేదు. ఏటా కొత్త జత ఆఫీసు నుంచి తెచ్చుకునేది. ఇద్దరిదీ ఒకటే సైజు. తనది ఏదో ఒకటి ఒంటి మీద ఉండాలనిపించి..."

"దాని ఎడమ కాలు వేలి మందం పొట్టి. అందుకే ఎడమ బూటు అడుగు వేలి మందం ఎత్తు వేసి కుట్టేవాణ్ణి. దాంతో మాట మానేశాను గానీ, ఏటా ఒక జత ఆఫీసుకి పంపడం మానలేదు." ఆయన ముక్కు తుడుచుకున్నాడు. "రెండు కాళ్ళూ సమంగా ఉన్నదానివి, ఇవి వేసుకుంటే కుంటక ఏం చేస్తావు? నడుం పడిపోతుంది. విప్పి ఇవ్వు. దానిది తగ్గించను, కుడిదానికీ అంతే ఎత్తు వేసిస్తాను."

టీచర్‌ బూటు విప్పబోతూ ఆగింది. "అంటే నేనెవరో మీకు..."

"నువ్వు ఆ గుమ్మంలో అడుగుపెట్టిన రోజే తెలుసు."

"తెలిసే తిట్టారా? ఆరు వారాలూ?"

పెద్దాయన తలెత్తలేదు. "అది ఎలా పోయిందో అడుగుదామంటే నాకు మొహం చెల్లలేదు తల్లీ. తిడితే రోషమొచ్చి నువ్వే చెబుతావనుకున్నాను."