కనుమ దాటే టైర్లు

“వీటితో కనుమ ఎక్కావంటే అవతలికి గడ్డీ చేరదు, నువ్వూ చేరవు,” అన్నాడు గొంబో.

లువ్సాన్ వినలేదు. ఎత్తు ముద్దలున్న బురద టైరు మీద చెయ్యి వేసి పెళ్లికూతుర్ని చూసినట్టు చూస్తున్నాడు. “ఇంతింత పళ్లున్నాయి. మంచును కొరక్కుండా వదులుతుందా అన్నా?”

“మంచును కొరుకుతుంది, ఐసును నాకుతుంది! ఇది వానాకాలం బురదకి. ఈ చలికి దీని రబ్బరు చెక్కలా బిగుసుకుపోతుంది. మొదటి మలుపులోనే నిన్ను లోయలో దింపుతుంది, పో.”

పాత ఇనుప కంటైనరులో గొంబో టైర్ల కొట్టు. బయట గడ్డి మోపులు నింపుకుని లువ్సాన్ పికప్ దుంగల మీద నిలబడి ఉంది. టైర్లు రెండు పేలిపోయాయి. మిగతా రెండింటికీ గుండు గీసినట్టుంది. ఏ టైర్లు వెయ్యాలో తేలక నాలుగు రోజులుగా ఇదే తంతు. కనుమ అవతల శీతాకాలపు మకాంలో అతని గొర్రెలు మూడు వందలున్నాయి. ఈ ఏడు జుద్ వచ్చిపడింది. మంచు కరిగి మళ్లీ గడ్డకట్టి, మేత మీద రాయిలా పరుచుకుంది. గొర్రెలు గిట్టలతో ఎంత తవ్వినా గడ్డిపరక దొరకదు. ఇవాళో రేపో ఈ మోపులు చేరాలి. చేరకపోతే గొర్రెలు లేవు, గొర్రెలు లేకపోతే లువ్సాన్‌కి ఈ భూమ్మీద ఇంకేమీ లేదు.

గొంబో మూలనుంచి ఇంకో టైరు దొర్లించుకొచ్చాడు.

“ఇదిగో, అన్ని దారులకీ పనికొచ్చేది. వేలు పెట్టి చూడు, ఎన్ని సన్న గాట్లున్నాయో. ఐసును పట్టుకునేవి అవే. పక్కన కొండ బొమ్మలో మంచుపువ్వు గుర్తు కనిపిస్తోందా? అది ఉంటే చలికి రబ్బరు బిగుసుకోదు. నీ దారిలో ముందు నది ఐసు, తర్వాత రాళ్లు, పైన మెత్తటి మంచు. మూడింటికీ ఇదొక్కటే మందు.”

“బరువు మోస్తుందా?”

“పది పొరలు. గడ్డితో పాటు నీ మొండితనాన్ని కూడా మోస్తుంది.”

లువ్సాన్ చాలాసేపు ఆ గాట్లలో వేలు తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత బండి దగ్గరికెళ్లి, వెండి పూలున్న జీను తెచ్చి గొంబో ముందు పెట్టాడు. అది అతని తండ్రిది.

“ఒరేయ్, జీను ఇచ్చేస్తే రేపు మంద వెనక దేనిమీద తిరుగుతావ్?”

“మందంటూ మిగిలితే గొర్రె మీదెక్కయినా తిరుగుతా. బిగించు.”

“బిగించాక వెనక్కి తీసుకోను. ముందే చెప్తున్నా.”

“ఎవడడిగాడు?”

గొంబో నాలుగూ బిగించాడు. మెత్తటి మంచులో కొంచెం గాలి తీసెయ్యమనీ, రాళ్లు రాగానే మళ్లీ నింపుకోమనీ చెప్పి చేతిపంపు కూడా ఇచ్చాడు. తర్వాత ఇద్దరూ లోపలికొచ్చి ఉప్పు టీ పోసుకున్నారు.

“మంద దగ్గర మీ తమ్ముడొక్కడేనా?”

“ఒక్కడెందుకూ? ఖసర్ ఉన్నాడుగా.”

“ఆ నల్ల కుక్కా? నన్ను చెట్టు లేని చోట చెట్టెక్కించబోయింది!”

“పోయిన వేసవిలో పండగ చూపిద్దామని వాణ్ణి బండెక్కించానన్నా. వాగు దాటకముందే దూకి మంద దగ్గరికి పారిపోయాడు. ఒక్క గొర్రె నిలబడి ఉన్నా చాలు, వాడు అక్కణ్ణుంచి కదలడు.”

ఇద్దరూ నవ్వుతుండగానే తలుపు తెరుచుకుంది. లువ్సాన్ తమ్ముడు చొయ్‌జిల్ లోపలికొచ్చాడు. కనుబొమల నిండా మంచు పేరుకుని ఉంది. గుర్రం మీద రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చాడు.

అక్కడి పలకరింపు ఆచారం ప్రకారం అన్నదమ్ములు నస్యం బుడ్లు మార్చుకుని వాసన చూశారు.

“మంద కులాసాగా ఉందా?”

“కులాసాగా ఉంది.”

“చలికాలం సుఖంగా గడుస్తోందా?”

“సుఖంగా గడుస్తోంది.”

ఇల్లు తగలబడుతున్నా ఆ నేల మీద ఎవరైనా మొదట చెప్పే జవాబు అదే. అసలు సంగతి టీ తాగాకే. పుట్టినప్పటినుంచీ ఆ మాటలు అంటూ, వింటూ బతికిన లువ్సాన్‌కి అది తెలియక కాదు. కానీ ఆశ పట్టుకున్నవాడికి మర్యాద కూడా వార్తలాగే వినిపిస్తుంది. పాపం, అతనికి ప్రాణం లేచొచ్చింది.

“విన్నావా గొంబో అన్నా? చెప్పలేదూ నేను! ఒరేయ్, బయట టైర్లు చూశావా? పది పొరలు! సాయంత్రానికల్లా కనుమ దాటేస్తాం. గడ్డి ఇంకా రాలేదని నన్ను తిట్టడానికొచ్చావు కదూ?”

చొయ్‌జిల్ గిన్నె రెండు చేతులతో పట్టుకున్నాడు. “మంచి టైర్లన్నా.”

“మరి మంద దగ్గర ఎవరున్నారు?”

చొయ్‌జిల్ గిన్నెలోకి చూశాడు. “టీ తాగనీ అన్నా.”

గొంబో నవ్వు ఆగిపోయింది. జీను వైపు చూసి తల తిప్పుకున్నాడు. లువ్సాన్ అదేమీ గమనించలేదు.

“తాగు, తాగు. ఖసర్ ఉన్నాడుగా, నాలుగు రోజులు వాడొక్కడే చూసుకోగలడు. నేను బండి వేడి చేస్తుంటా, నువ్వు తాగేసి రా.”

టోపీ చెవులమీదకి లాక్కుని, ఏదో కూనిరాగం తీస్తూ బయటికి నడిచాడు. బండి తలుపు మీద చెయ్యి వెయ్యబోయి, కిందికి చూశాడు.

కొత్త టైరుకి వీపు ఆనించి, ముడుచుకుని ఖసర్ పడుకుని ఉన్నాడు.