నాలుగు వేల సాక్ష్యాలు

"అక్కకి ఆ మందు ఎక్కించకండి డాక్టరుగారూ!"

గది గుమ్మంలోంచే అంది సైంటిస్టు. సెలైన్ స్టాండు సర్దుతున్న నర్సు చెయ్యి ఆగింది. మంచం మీద కూర్చున్న అక్క మాత్రం నవ్వింది.

"మళ్ళీ మొదలుపెట్టింది. ఇది చిన్నప్పట్నుంచీ ఇంతే డాక్టరుగారూ. పరీక్ష రాసొచ్చి తప్పుతానని ఏడ్చేది, తీరా చూస్తే క్లాసులో ఫస్టు. దాని మందు మీద దానికే నమ్మకం లేదు."

డాక్టరు ఇద్దరి వంకా చూశాడు. లివర్ క్యాన్సర్‌కి ఈ మందు పనిచేస్తుందని ప్రపంచానికి చెప్పింది ఎదురుగా నిలబడ్డ ఈవిడే. ఈవిడ వ్యాసం చదివే తను ఈ చదువులోకి వచ్చాడు.

"పాత మందుతో గడ్డ పెరగడం ఆగిందిగా? అది మానేసి ఇది పెడితే మళ్ళీ పెరుగుతుంది. నా పరిశోధన తప్పు."

"మీ వ్యాసాన్ని ఆధారం చేసుకుని నాలుగు వేల వ్యాసాలొచ్చాయి మేడమ్. అన్నీ తప్పేనా?"

"వాళ్ళందరికీ కణాలు పంపింది నేనేనండీ."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతులో బాధ లేదు, సిగ్గూ లేదు. ఆ రెండూ పోయిన నెల, తప్పు కనిపెట్టినప్పుడే అయిపోయాయి. ఇప్పుడు మనసు తిమ్మిరెక్కిన కాలులా ఉంది. గిల్లినా తెలియడం లేదు.

ఇలాంటిది వంటింట్లో జరిగితే గిన్నెడు కూర పారబోసి ఊరుకుంటాం. ల్యాబులో ఎవరో మహానుభావుడు ఒక సీసాలో ముంచిన గొట్టాన్ని మార్చకుండా లివర్ క్యాన్సర్ కణాలున్న ఇంకో సీసాలో ముంచాడు. ఒక్క బొట్టు. అందులో ఉన్న రొమ్ము క్యాన్సర్ కణాలు గబగబా పెరిగి, లివర్ కణాలకి చోటు లేకుండా చేసి, సీసా అంతా తామే అయి కూర్చున్నాయి. సీసా మీద చీటీ మాత్రం మారలేదు. ఆ కణాల్ని చంపిన మందుకి లివర్ మందని పేరొచ్చింది. ఆవిడకి బిరుదులొచ్చాయి, పెద్ద గదొచ్చింది. మాకూ ఆ కణాలు కావాలని దేశదేశాల వాళ్ళు అడిగారు. అడిగిన వాళ్ళకల్లా ప్యాక్ చేసి పంపింది.

"ఇదిగో చూడు," అంది అక్క. "నువ్వు భయపడి అంటున్నావో, నిజంగానే అంటున్నావో నాకు తెలీదు. తప్పు జరిగిందని ఆ పెద్ద సైన్సు పత్రికకి రాసి పంపానన్నావుగా? వాళ్ళు ఔనంటే ఈ మందు ముట్టుకోను. కాదంటే మాత్రం నోరు మూసుకుని నా పక్కన కూర్చో."

"సరే అక్కా."

ఆశంతా ఆ పత్రిక మీదే. అక్కడివాళ్ళు వ్యాసం మీద పేరు తీసేసి, వేసుకోవచ్చో లేదో చెప్పమని ఆ రంగంలోని పండితులకి పంపుతారు. రాసిందెవరో వాళ్ళకి తెలియకూడదు. సొంత వ్యాసం గురించైనా సరే, పరాయివాళ్ళదన్నట్టే రాయాలి. అదీ పద్ధతి. మొహమాటాలు లేకపోతే నిజం నెగ్గుతుందని ఆవిడ నమ్మకం.

ఫోను చిన్నగా మోగింది. పత్రిక జవాబు. ఆవిడకి అసలు చేతులున్నట్టే లేదు. ఫోను డాక్టరుకిచ్చింది.

"మీరే చదవండి."

డాక్టరు చదివాడు. "మీరు పంపింది తిరస్కరించారు మేడమ్."

"చెప్పానా!" అక్క మొహం వెలిగిపోయింది. చొక్కా చెయ్యి పైకి మడిచి ముందుకు చాపింది. "కానివ్వమ్మా నర్సూ."

నర్సు డాక్టరు వంక చూసింది. ఆయన తలూపాడు. సూది దిగింది, మందు చుక్కచుక్కగా ఎక్కడం మొదలైంది. సైంటిస్టు అక్క పక్కన కూర్చుని ఆ చుక్కల్నే చూస్తూ ఉండిపోయింది. ఏడుపు రాలేదు. రావాలని కూడా అనిపించలేదు.

"ఎందుకు కాదన్నారట?" అంది కాసేపటికి.

డాక్టరు మళ్ళీ ఫోనులోకి చూశాడు.

"'ఇది రాసిన మనిషికి ఈ రంగంలో ఓనమాలు కూడా రావు, ముందు వెళ్ళి తెలిసినవాళ్ళ వ్యాసం బుద్ధిగా చదువుకోమనండి' అని... ఆ తెలిసినవాళ్ళెవరంటే, మీ పేరే రాశారు మేడమ్."