గంపెడు పొట్టు

"ఈ ఆయిల్‌తో ఇంజన్ తిప్పినావంటే బేరింగు కాలి కూచుంటాది అప్పా! ఇది ఆయిలా, తారా?"

ఇంజన్‌లోని పాత ఆయిల్ బొట్టును వేళ్ల మధ్య రుద్ది చూసి, చేతిని ఇసుకలో తుడుచుకున్నాడు మెకానిక్ దస్తగిరి.

ఆదినారాయణ మొహం వాడిపోయింది. చినుకు జాడ లేదు. బావిలో ఉన్న కాస్త నీటితో ఒక్క కయ్య నేలన్నా తడిపి, పునర్వసు కార్తె దాటేలోపు వేరుశనగ, వాళ్ల మాటలో చెనిక్కాయ, విత్తాలి. విత్తనం అటక మీద భద్రంగా ఉంది. లేనిదల్లా నీళ్లు తోడే ఇంజన్‌కు ఆయిలే.

"కొత్త ఆయిల్ పొద్దుటూర్లో లేదు, జమ్మలమడుగులో లేదు. రెండూళ్లూ తిరిగొచ్చినా. ఏం జేయమంటావో నువ్వే చెప్పు దస్తగిరీ."

మిలిట్రీలో లారీలు బాగుచేసి వచ్చినవాడు దస్తగిరి. కాసేపు తల గోక్కున్నాడు.

"ఒక ఉపాయముండాది. గంపెడు చెనిక్కాయ పొట్టు తెప్పియ్. కుండలో ఏసి, మూత పెట్టి కాలిస్తే బొగ్గయితాది. ఆ పొడిలోంచి ఈ ఆయిల్ వడగడితే మురికంతా బొగ్గే పట్టుకుంటాది. మూడు దినాలు పడతాది."

ఆదినారాయణ గట్టు మీదున్న భార్య ఈశ్వరమ్మ వైపు తిరిగాడు. "ఇన్నావు గదా ఈశ్వరీ? పోయి పొట్టు తీసుకురా."

"పోయినేడు పంట ఎవురికి పండె మామా? ఊర్లో పొట్టు యాడుండాది?"

"తెస్తావా, తేవా? నీళ్లు పారకపోతే ఐదుగురు పిల్లోళ్లకు మన్ను పెడతావా?"

ఆ మాట ఈశ్వరమ్మకు గట్టిగానే తగిలింది. ఇంటికి పోయింది. పొద్దు వాలేసరికి గంపెడు పొట్టు తెచ్చి దించింది. ఆమె వేళ్ల చివర్లు ఎర్రగా కందిపోయాయి. ఆదినారాయణ అవి చూస్తేగా! ఆయన కళ్లన్నీ ఇంజన్ మీదే.

రాత్రికే పొట్టును బొగ్గు చేసి, ఆ పొడి నింపిన డబ్బా అడుగున కట్టిన గుడ్డలోంచి ఆయిల్ బొట్టుబొట్టుగా దిగుతోంది. మర్నాడు మధ్యాహ్నం ఈశ్వరమ్మ వేయించిన గింజలూ, బెల్లం ముక్కా తెచ్చింది.

"సంగటి చేయలేదా?"

"జొన్నలు అయిపోయినాయి. ఇవి తిను."

పక్కింటి ఖమర్‌బీ చేబదులు ఇచ్చి ఉంటుందిలే అనుకున్నాడు. రెండో రోజూ అవే గింజలు. మూడో రోజూ అవే. దస్తగిరికీ ఒక దోసెడు పెట్టాడు.

నాలుగో రోజు ఉదయం ఆయిల్ తేనె రంగులో మెరిసింది. దస్తగిరి ఇంజన్‌లో పోసి హ్యాండిల్ తిప్పాడు. ఇంజన్ రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. నీళ్లు ఎగిరి కాలవలో పడ్డాయి. ఆదినారాయణ ఆ నీళ్లు మొహాన చల్లుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూడలేక ఈశ్వరమ్మ మొహం తిప్పుకుంది.

"రేపటికి కయ్య విత్తే పదునుకొస్తాది! అటక మీది విత్తనక్కాయలు దించుకురాపో. అందరం కూచుని ఒలుచుకుందాం."

ఈశ్వరమ్మ కాలవ గట్టున చతికిలబడింది.

"ఏందే, ఇనపడలా?"

కందిన వేళ్లను కొంగులో దాచుకుంటూ ఆమె అంది:

"ఆ పొట్టు వాటిదే మామా... పిల్లోళ్లు ఆకలికి తాళలేకపోయిరి. ఈ మూడు దినాలు మనమంతా తినింది ఆ గింజలే."