వాపసులో కోత

"మళ్లీ కేన్సిలయిపోయింది."

ప్రసన్న చేతిలో టేపు చుట్ట అలాగే ఉండిపోయింది. పొందూరు చీర మడతపెట్టి, అట్టపెట్టెలో సర్ది, చిరునామా అంటించింది. కొరియరు వాళ్లని పిలవడమే తరువాయి. రైలింజన్ల షెడ్డులో పనిచేసే భర్త హరికిరణ్ టీ వేళకి ఫోన్ చేస్తే, పార్సిల్ కడుతున్నానని సంబరంగా చెప్పింది కూడా. ఇంతలో ఊళ్లోనే కదమా పేటలో ఉండే కల్యాణి అనే ఆవిడ చీర వద్దనేసింది. కారణం రాయలేదు.

"ఎవులు ఆవిడ?" గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న అత్త దాలమ్మ అడిగింది.

"నాకు తెలీదత్తా. ఆన్‌లైన్లో చూసి కొన్నాది."

"మొకం తెలీనోళ్లకి అమ్మితే ఇలాగే ఉంటాది. ఆ యాపారం ఒగ్గీయమని మొత్తుకుంతన్నాను, ఇంతావా?"

ప్రసన్న టేపు చుట్ట పక్కన పెట్టింది. ఈమధ్య ఇదే వరస. పేరు మారుతుంది, వీధి మారుతుంది, తీరు మాత్రం మారదు. ఖరీదైన చీర ఏరుకోవడం, క్రెడిట్ కార్డుతో డబ్బు కట్టడం, తీరా పెట్టె కట్టాక వద్దనడం. మాంగో పేటలోని ఈ రెండు గదుల ఇంట్లో తాను ఎప్పుడేం చేస్తోందో ఎవరో కనిపెట్టి చూస్తున్నట్టే ఉంది. లేచి కిటికీ తెర లాగింది. ఎదుటి మేడ మీద ఎవరో బట్టలు తీస్తున్నారు. వాళ్లని కూడా అనుమానంగానే చూసింది.

సాయంత్రం హరికిరణ్ లోకో షెడ్డు నుంచి వచ్చి, స్నానం చేసి, ఓపిగ్గా ఆమె పక్కన కూర్చున్నాడు.

"వాళ్ల డబ్బు వాళ్లకి మొత్తం తిరిగిచ్చీసినాం కదండీ. మరి మన ఖాతాలో తగ్గిపోతంది ఏటి?"

"కొన్నోళ్లకి ఏటీ పోదు. వాళ్ల ఐదు వేలు వాళ్లకి ముట్టేత్తాది. పోయేది అమ్మినోళ్లకే. కార్డు మీద కడితే పేమెంట్ కంపెనీవాడు వందకి రెండు పట్టుకుంటాడు. ఐదు వేలకి వంద. దాని మీద జీఎస్టీ పద్దెనిమిది. చీర అమ్ముడైనా, రద్దయినా ఆ నూటపద్దెనిమిదీ వాడిదే. వెనక్కివ్వడు."

"యూపీఐలో కడితే?"

"ఆ కోత ఉండదు."

"అయితే కార్డులు ఆపేత్తాను."

"అలా చెయ్యకు. కార్డు లేదంటే పెద్ద బేరాలు పోతాయి. టెన్షన్ మత్ లే, నేనున్నాను కదా." నవ్వాడు. "షెడ్డులో నా పేరే మర్చిపోయినారు తెలుసా? చీరల ప్రసన్న మొగుడంటన్నారు."

ఆమెకి కూడా నవ్వొచ్చింది. ఇంత విడమరిచి చెప్పే భర్త ఎంతమందికి ఉంటాడు అనుకుంది.

మర్నాడు గోరుచుట్టు మీద రోకటిపోటులా పేమెంట్ కంపెనీ మెయిల్ వచ్చింది. రద్దులు మితిమీరుతున్నాయి, ఇలాగే సాగితే ఖాతా ఆపేస్తామని. ఖాతా ఆగితే బేరమే లేదు. బేరం లేకపోతే సాక్చీ బజారులో అద్దెకి మాట్లాడుకున్న కొట్టూ లేదు. పెళ్లయినప్పటి నుంచి ఆమె తనకోసం కోరుకున్నది ఆ ఒక్క కొట్టే.

"ఎవడో కావాలనే చేత్తన్నాడు." మెయిల్ చదివి హరికిరణ్ మొహం గంభీరంగా పెట్టాడు. "సాక్చీ బట్టల కొట్లోళ్లే అయ్యుంటారు. నువ్వొచ్చి తెరుత్తావంటే వాళ్లకి కడుపుమంట. ఇల్లు కూడా తెలుసు వాళ్లకి. భయమేత్తే చెప్పు, కొట్టు సంగతి వచ్చే ఏడు చూద్దాం."

ఇల్లు కూడా తెలుసన్న మాట ఆమె గుండెల్లో రాయిలా పడింది. తలుపు గడియ ఒకటికి రెండుసార్లు చూసుకోవడం ఆనాటి నుంచే మొదలైంది.

ఆఖరికి కాసిడీహ్‌లో ఉన్న స్నేహితురాలు సింధుకి ఫోన్ చేసింది. ప్రసన్న చీరల వెబ్‌సైటు చూసేది సింధే.

"ఆ కోత నువ్వెందుకు భరించాలి?" అంది సింధు. "పంపేలోగా రద్దు చేస్తే నూటపద్దెనిమిది తగ్గించి వాపసిస్తామని షరతు పెట్టు. పేజీ అడుగున వేసేస్తా. అలవాటు పడ్డవాళ్లు అంత కిందికి చదవరు. ఒక్కసారి చెయ్యి కాలిందంటే మళ్లీ రారు. ఇంట్లో మాత్రం అనకు, మీ అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదు."

ప్రసన్న ఎవరితోనూ అనలేదు. భర్తకి చెప్పనందుకు మనసు పీకింది గానీ, అమ్మా కొడుకులు మాట్లాడుకునే మాటలు ఎక్కడాగుతాయిలే అని ఊరుకుంది.

శుక్రవారం టెల్కో నుంచి పద్మకుమారి పేరుతో ఆర్డరొచ్చింది. ఐదు వేల చీర, క్రెడిట్ కార్డు. పెట్టె కట్టింది. కట్టగానే రద్దయింది. ప్రసన్న నాలుగు వేల ఎనిమిది వందల ఎనభై రెండు వాపసు పంపింది. ఇప్పుడు ఆ మనిషి ఏం చేస్తాడు? ఫోన్ చేసి తిడతాడా, ఇంటి మీదికే వస్తాడా? రోజంతా ఫోను పక్కనే పెట్టుకుని కూర్చుంది.

ఎవరూ రాలేదు. ఫోనూ రాలేదు. తర్వాతి వారమంతా వచ్చిన ఆర్డర్లు నిలిచాయి. ప్రసన్న వంతెన దాటి సాక్చీ వెళ్లి, కొట్టు మరోసారి చూసుకుని వచ్చింది. ఆ మనిషెవరో ఇక ఎప్పటికీ తెలియకపోయినా ఫరవాలేదు, వదిలిపోతే చాలనుకుంది.

ఆ పై ఆదివారం మధ్యాహ్నం హరికిరణ్ భోజనానికి కూర్చున్నాడు. అతని ఫోన్లో ఏదో బ్యాంకు మెసేజి మోగింది. చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. ప్రసన్న చారు వడ్డిస్తోంది. అతను ఫోను మీంచి చూపు తిప్పకుండానే, తన ధ్యాసలో తానుండి అడిగాడు.

"వాపసులో నూటపద్దెనిమిది తక్కువిచ్చినావేటి?"