పెళ్లికూతురు వెనుక

హనుమకొండలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే రెబెకాకు ఆ రాత్రి విసుగు నషాళానికి అంటింది. పెళ్లికూతురు వెనుక ఉన్నది తీసెయ్యమని పెళ్లికొడుకు అన్న ప్రశాంత్ మెసేజ్ పెట్టాడు. వెనుక వరుసలో నీలం చీర ముసలమ్మ కూర్చుని ఉంది. రెబెకా మూడుసార్లు ఆమెను చెరిపేసి సేవ్ చేసింది. తెరిచిన ప్రతిసారీ ఆమె ఒక వరుస ముందుకొచ్చి కూర్చుంది.

"దీని పాడుగాను!" అని సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటూ ప్రశాంత్‌కు ఫోన్ చేసింది. "అన్నా, మీ ముసలమ్మ ఎంత తీసినా పోతలేదే!"

"ముసలమ్మ ఎవలు చెల్లే? నేను తియ్యమన్నది స్టాండు ఫ్యాను. ఆ వరుసలన్నీ ఖాళీగనే ఉండె గదా!"

రెబెకా వీడియో ఆపేసింది. పెళ్లికూతురు, పాస్టరు, అందరూ ఎక్కడివాళ్లక్కడ నిలిచిపోయారు. ముసలమ్మ మాత్రం కొంగు సర్దుకుని లేచి నిలబడింది.