ఉచితం వర్తించదు

పానకాలరావు పెళ్లాం మాటను ఏనాడూ నమ్మింది లేదు గానీ, ‘ఉచితం’ అని రాసి ఉంటే కరెంటు స్తంభానికి అంటించిన కాగితాన్నైనా నమ్ముతాడు. హైమావతికి మొగుడి మీదున్న ఫిర్యాదల్లా అదే.

పన్ను రసీదు చూపనిదే ఆసుపత్రి తలుపు తెరుచుకోని రోజులవి. ఆ మధ్యాహ్నమే అత్తగారికి డయాలసిస్. హైమావతి పప్పు ఎనుపుతూనే, ఉచిత పన్ను యాప్ అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులు చెప్పింది. అంతా విన్నాక అది తియ్యగా, “అమ్మా, ఇంట్లో రోగి ఉన్నారు కాబట్టి మీకు ఉచితం వర్తించదు. తొమ్మిది వేలు ఫీజు కట్టండి,” అంది.

“అంత ఎక్కడుంది? మునిసిపాలిటీ కౌంటర్లో పన్ను కాగితాలు ఊరికే రాసిచ్చేవాళ్లుగా, అక్కడికి పదండి,” అంది హైమావతి మొగుడితో.

పానకాలరావు కదల్లేదు. “అది ఎత్తేశారే.”

“ఎవరు?”

“ఈ యాప్ కంపెనీవాళ్లే, ‘సులభ పన్ను సంఘం’ అని పేరు పెట్టుకుని, ‘యాప్ ఉచితం, ఇక కౌంటర్ ఎత్తేయండి’ అని అర్జీ తెచ్చారు. అపార్ట్‌మెంట్లో అందరిచేతా సంతకాలు పెట్టించింది నేనే. చదవలేదు.”

“చదివి సంతకం పెడతానంటే నన్ను అనుమానప్పక్షి అన్నారుగా!”

ఇస్త్రీ చీర కట్టుకుని అత్తగారు గదిలోంచి వచ్చింది. “బయల్దేరదామా నాయనా?”

పానకాలరావు తల వంచుకున్నాడు. “తప్పు నాదేనమ్మా.”