కోతకు రాని పెరటి చెట్టు

"రేటు కుదిరితే అమ్మేద్దాం," అన్నారు లెక్కల మాస్టారు.

ఆయన భార్య చేతిలో కత్తెర ఆగిపోయింది. రెండేళ్లుగా ఆవిడ పోరు అదే. ఆవిడ బట్టలు కుడుతుంది. మూడు కుట్టు మిషన్లూ వంటింట్లోనే. పంచదార డబ్బాలో గుండీలు తేలేవి, ఉప్పు జాడీ పక్కన సూదులు దొరికేవి. పెరట్లో టేకు చెట్టున్న చోట ఒక గది వేసుకోవాలని ఆవిడ ఆశ. ఆ మాట ఎత్తినప్పుడల్లా మాస్టారు "చూద్దాం" అనేవారు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆ "చూద్దాం"కి అర్థం ఆవిడకు బాగానే తెలిసింది.

కానీ మొన్న రెండు వందల యూనిఫాంల ఆర్డరు వచ్చింది. చోటు లేక వదులుకోవాల్సి వచ్చింది. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున మాస్టారే దిగివచ్చారు.

గురువారం కలప వ్యాపారి వచ్చాడు. చెట్టు చుట్టూ తిరిగాడు, తల పైకెత్తి చూశాడు, టేపు చుట్టి కొలిచాడు. ఇంత తిన్నని మొదలు ఈ మధ్య చూడలేదని, పదిహేను అడుగుల దాకా ఒక్క కొమ్మ కూడా లేదని మురిసిపోయాడు. అతను చెప్పిన రేటు విని ఆవిడ అరుగు మీద కూర్చుండిపోయింది. మాస్టారు మాత్రం తగ్గలేదు. ఇంకాస్త పెంచమని బేరమాడి, పెంచేదాకా వదల్లేదు.

ఆదివారం మిషన్ తెచ్చి చెట్టును పరీక్ష చేస్తానని, పాసైతే అక్కడికక్కడే బయానా ఇస్తానని వ్యాపారి చెప్పాడు. మాస్టారు అతన్ని గేటు దాకా సాగనంపి, ఆ పరీక్ష దేనికో, ఎలా చేస్తారో అన్నీ అడిగి తెలుసుకున్నారు. పరీక్షల విషయంలో ఆయన అశ్రద్ధ ఎరగరు.

శనివారం ఆవిడ కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళింది. మాస్టారు సెలవు పెట్టి మరీ పెరడంతా ఊడ్చారు. చెట్టు మొదలు తుడిచారు. బెరడు లేచిన చోట తడిమట్టి మెత్తి సరిచేశారు. సాయంత్రం ఆవిడ ఇల్లు చేరేసరికి ఆయన చెమటలు కక్కుతూ కనిపించారు.

"పిల్లకి పెళ్ళివారొస్తున్నట్టు ఉంది మీ హడావుడి," అని నవ్విందావిడ.

ఆదివారం వ్యాపారి మూరెడు కర్రలాంటి మిషన్ తెచ్చాడు. దాన్ని మొదలు పొడవునా మెల్లగా జరిపాడు. రొమ్ము ఎత్తున అది కుయ్యిమంది.

"మేకు," అన్నాడు వ్యాపారి.

మాస్టారు నొసలు కొట్టుకున్నారు. అది బట్టల తీగకు కొట్టిందట.

"తీగ గోడకి కదండీ కట్టాం?" అంది భార్య.

"అది తర్వాత. నువ్వు పుట్టింటికి వెళ్ళిన నెలలో ముందు చెట్టుకే కట్టాను."

మిషన్ మళ్ళీ కూసింది. అది పిట్టల నీళ్ళ చట్టికి. మళ్ళీ రెండుసార్లు కూసింది. అవి ట్యూషన్ పిల్లల బోర్డుకి, బోర్డుకి రెండు కావాలి కదా. ఇటు తిప్పితే ఉయ్యాలకి, అటు తిప్పితే దీపం తీగకి. ఒక్కొక్క కూతకీ మాస్టారు ఒక్కొక్క కథ చెప్పి, తన బుద్ధి గడ్డి తిన్నదని తనను తానే తిట్టుకున్నారు. మొత్తం తొమ్మిది.

"పీకేస్తే పోదా?" అని ఆవిడ ఆశగా అడిగింది.

ఎంత లోతున ఉన్నాయో తెలియకుండా ఎక్కడని తవ్వాలన్నాడు వ్యాపారి. ఒక్క మేకు తగిలినా రంపం పళ్ళు రాలిపోతాయి, మిల్లువాళ్ళు దుంగను గుమ్మం తొక్కనివ్వరు. కింది దుంగ పోతే ఇక మిగిలేది కొమ్మలు, అవి పొయ్యిలోకి.

"పెరటి చెట్టు వైద్యానికే కాదు, కోతకీ పనికిరాదమ్మా," అని మిషన్ సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆవిడ అరుగు మీద చాలాసేపు అలాగే కూర్చుంది. పమిటచెంగుతో కళ్ళు ఒత్తుకుంది. మాస్టారు వచ్చి పక్కన కూర్చున్నారు.

"నా గది తీసుకో," అన్నారు చివరికి.

వీధి వైపు గది అది. ఇరవై ఏళ్లుగా ఆయన పడక కుర్చీ, పుస్తకాలు, రేడియో అందులోనే. ఎవరినీ అడుగు పెట్టనిచ్చేవారు కాదు. ఆవిడ నమ్మలేనట్టు చూసింది.

"మరి మీరు?"

"కుర్చీ చెట్టు కింద వేసుకుంటాను. గాలి బాగా వస్తుంది."

అన్నట్టే మర్నాడే గది ఖాళీ చేశారు. మిషన్లు వీధి వైపుకి మారాయి. దారిన పోయేవాళ్ళు కిటికీలోంచి చూసి లోపలికి రావడం మొదలుపెట్టారు. వదులుకున్న ఆర్డరు కూడా తిరిగొచ్చింది. చెట్టు అమ్ముడుపోకపోవడమే మంచిదైందని నెల తిరక్కుండా ఆవిడే అంది.

షాపుకి బోర్డు కూడా రాయించారు. మాస్టారు నిచ్చెనెక్కి గుమ్మం మీద దాన్ని సరిచూస్తున్నారు. కింద నిచ్చెన పట్టుకున్న ఆవిడ, ఆగండి, వెళ్ళి మేకులు కొనుక్కొస్తానంది.

"కొత్తవెందుకు, ఆ శుక్రవారం తెచ్చిన డజనులో తొమ్మిది చెట్టుకి పోగా ఇంకా మూడు మిగిలాయిగా," అన్నారు మాస్టారు, నిచ్చెన మీది నుంచే.